సున్నాలు నింపిన గంటన్నర

“వైరస్ ఎన్నింటికి వచ్చింది తమ్మీ?”

అడిగిన మనిషి కుర్చీ చూపించినా కూర్చోలేదు. చేతి గడియారం విప్పి, కీబోర్డు పక్కన పెట్టింది. పది గంటల ఇరవై అయిదు నిమిషాలు. జాన్ ప్రసాద్ ఆమె మొహం చూడలేక ఆ గడియారాన్నే చూస్తూ జవాబు చెప్పాడు.

“తొమ్మిదింబావుకు మేడం. మౌసు కదల్లే. స్క్రీన్ నీలంగయ్యింది. ఫార్మాట్ కొట్టి విండోస్ కొత్తగ ఎక్కించిన. గంటలోపల్నే అయిపోయింది.”

పొద్దుటి నుంచి లోలోపల పదిసార్లు అనుకున్న మాటలే.

ఆమె పేరు కెరోలిన్. మంచిర్యాలలో పదేళ్లు కంప్యూటర్ సెంటర్ నడిపి, తర్వాత అదే గదికి డిటెక్టివ్ బోర్డు తగిలించిన మనిషి. ఆ బోర్డు చూసి నవ్వినవాళ్లు కూడా ఇప్పుడు నవ్వడం మానేశారు. ఎర్రగుట్ట ఇంక్లైను అనే ఈ బొగ్గు బావి గేటు దాటి, దీపాలుంచే లాంప్ రూం దాకా బయటివాళ్లు రావడం మామూలుగా కుదరదు. కానీ కార్మికుల తరఫున బావిని తనిఖీ చేసే హక్కు పోశానికి ఉంది. ఆమెను వెంటబెట్టుకొచ్చింది అతనే. ఇద్దరి వెనకాల, గుమ్మం దగ్గర, మార్తమ్మ నిలబడి ఉంది.

మార్తమ్మ భర్త స్తెఫను పంపు ఆపరేటర్. ఇరవై ఏడేళ్ల సర్వీసు. నిన్న రాత్రి షిఫ్టుకు బావిలోకి దిగాడు. పొద్దున ఏడింటికి రావలసినవాడు ఇంకా ఇంటికి రాలేదు.

బావిలోకి దిగే ప్రతి మనిషీ గేటు దగ్గర మిషన్‌లో కార్డు గీకాలి. బయటికి వచ్చేటప్పుడూ గీకాలి. ఆ హాజరంతా లాంప్ రూంలోని ఈ కంప్యూటర్‌లోకి చేరుతుంది. స్తెఫను బయటికొచ్చాడా, రాలేదా అన్నది ఇందులోనే తేలాలి. తేలకుండా ఇది పొద్దున్నే కొత్తదైపోయింది.

స్తెఫనుకు ఆ కార్డు మీద ఏనాడూ నమ్మకం కుదరలేదు. డ్యూటీకి వచ్చిన ప్రతిసారీ కిటికీలోంచి తల పెట్టి, “ప్రసాదూ, నా పేరు డబ్బల ఎక్కిందా?” అని అడిగి, ఎక్కిందంటేనే కదిలేవాడు. ఆ గొంతు గుర్తుకు రాకుండా ఉండాలని ప్రసాద్ పొద్దుటి నుంచి పెనుగులాడుతున్నాడు.

“పోశం అన్నా, నువ్వు బాయిల దిగు,” అంది కెరోలిన్ వెనక్కి తిరక్కుండానే. “మూడో ప్యానెల్ గోడల కాడికి పో. పోంగనే ఈడికి ఫోన్ చెయ్యి.”

“నలభై నిమిషాలైతది అక్కా.”

“అందుకే జల్ది పో.”

పోశం హెల్మెట్ తీసుకుని పరుగులాంటి నడకతో వెళ్లిపోయాడు. మూడో ప్యానెల్‌లో బొగ్గు దానంతటదే వేడెక్కి పొగలు మొదలై రెండు రోజులైంది. మంట లేవకుండా ఆ భాగానికి వెళ్లే దారులన్నీ ఇటుక గోడలతో మూసేస్తున్నారు. ఆఖరి గోడ పన్నెండు గంటలకు పూర్తవుతుందని నోటీసు బోర్డు మీద రాసి ఉంది.

కెరోలిన్ పర్సులోంచి పెన్‌డ్రైవ్ తీసింది. “చూడొచ్చునా?”

ప్రసాద్ కుర్చీ పక్కకు జరుపుకున్నాడు.

ఆమె ముందు విండోస్ ఫోల్డర్ మీద కుడి బటన్ నొక్కి, అది ఎప్పుడు పుట్టిందో చూసింది. తొమ్మిదీ ఇరవై రెండు. తర్వాత పెన్‌డ్రైవ్‌లోని ప్రోగ్రాం నడిపింది. చెరిగిపోయిన ఫైళ్లను వెతికే ప్రోగ్రాం అది. తెర మీద ఒక గీత ఎడమ నుంచి కుడికి జరుగుతూ పోయింది. ప్రసాద్ అరచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. గీత చివరికి చేరేసరికి ఏం కనిపిస్తుందో ఆ గదిలో అతనికొక్కడికే తెలుసు.

సున్నా అని కనిపించింది.

“గమ్మత్తుగున్నది,” అంది కెరోలిన్. “ఉత్త ఫార్మాట్ కొడితే పాత ఫైళ్ల పేర్లు ఏడ్నో ఓ కాడ మిగుల్తయి. గిండ్ల ఒక్కటి గూడ లేదు. డిస్కు ఈ చివరి నుంచి ఆ చివరి దాంక సున్నాలు నింపినవు. వైరస్‌కు గంత పని ఎందుకు తమ్మీ?”

“అంటే... మల్ల రావద్దని...”

“డిస్కు ఎన్ని జీబీలు?”

“ఎనభై.”

“ఈ పాత మిషన్ మీద ఎనభై జీబీలు నింపాలంటే ఎంతసేపైతది? నాకు తెల్వక కాదు. నీ నోట్లకెళ్లి రావాలె.”

ప్రసాద్ పెదవి తడుపుకున్నాడు. “గంటన్నర.”

“విండోస్ తొమ్మిదీ ఇరవై రెండుకు మొదలైంది. గంటన్నర ఎన్కకు పో.”

ఆమే చెప్పింది. “ఏడూ యాభై. తొమ్మిదింబావుకు వచ్చిన వైరస్‌కు ఏడూ యాభైకే మందేసినవ్. మార్తక్కా, నువ్వు గేటు కాడికి ఎన్నింటికొచ్చినవ్?”

“ఎనిమిదీ యాభైకి.” మార్తమ్మ గుమ్మం దగ్గర నుంచే చెప్పింది. “గీ కిటికీ కాడికే వచ్చిన. అందరు బయటికొచ్చిన్రు అత్తా, కంప్యూటర్ల ఉన్నది అన్నడు ప్రసాదు.”

“కంప్యూటర్ల ఉన్నదన్నడు!” అంది కెరోలిన్. “గప్పుడు ఈ కంప్యూటర్ల సున్నాలు నిండుతున్నయి.”

ఆమె రెండు చేతులూ బల్ల మీద ఆనించి కిందికి వంగింది.

“మనిషి రాలేదని ఇంటోళ్లు అడగకముందే, గంట ముందుగాల, ఎవలో హాజరు తుడుస్తున్నరు. అంటే ఆ మనిషి రాలేదన్న సంగతి ఆయన పెండ్లాం కన్నా ముందు ఇంకొకలకు ఎర్కైంది. ఎవలకు?”

ప్రసాద్ నోరు తెరిచాడు. అప్పుడే బయట బూట్ల చప్పుడైంది.

లింగమూర్తి లోపలికి వచ్చాడు. పోలీసు శాఖలో సర్కిల్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరై, ఏడాదిన్నరగా ఈ బావికి సెక్యూరిటీ ఆఫీసరుగా ఉంటున్నాడు. రామకృష్ణాపూర్‌లో ఒక దొంగతనం కేసులో ఆయన పట్టుకున్న మనిషి నిర్దోషి అని కెరోలిన్ నిరూపించిన రోజు నుంచి ఇద్దరికీ పలకరింపులు లేవు.

“పెండ్లి ఎంక్వైరీలు తక్కువైనయా మేడం? బాయిల మీద పడ్డరు!”

“మీ గేటు లోపల మనిషి తప్పిపోయిండు సార్. మీకు ఫికర్ లేదాయె. నేనన్న రావాలె గదా.”

“ఎవలు తప్పిపోలే. స్తెఫను పొద్దుగాల ఏడున్నరకు బసంత్‌నగర్ బస్టాండ్ల కనబడ్డడు. ఇంట్ల ఏదో లొల్లి పెట్టుకొని పోయుంటడు. సాయంత్రానికి ఆయననే వస్తడు.”

“మా ఇంట్ల లొల్లి లేదు సారూ,” అంది మార్తమ్మ.

“ఎవలు చూసిన్రు?” అని అడిగింది కెరోలిన్.

“అండర్ మేనేజర్ నరహరి సార్ స్వయంగ చూసిండు. చాల్నా?”

నరహరి పేరు వినగానే ప్రసాద్ చటుక్కున కీబోర్డు వైపు తల దించాడు. కెరోలిన్ చూపు లింగమూర్తి మీదే ఉన్నా, ఆ కదలికను ఆమె పట్టేసిందని అతనికి అనిపించింది.

“పది నిమిషాలిస్త,” అన్నాడు లింగమూర్తి. “తర్వాత గేటు బయటికి పోవాలె. మీరు పోకుంటె పంపిచ్చే మనుషులు నా కాడ ఉన్నరు.”

“పది నిమిషాలు శాన. ఎల్లన్న కాకా, నాలుగొందల పద్దెనిమిది లాంపు ఏడుంటది?”

లాంప్ రూం ఎల్లన్న ఆ మాట కోసమే భయపడుతున్నట్టు మూలలోంచి లేచాడు. బావిలోకి దిగేవాళ్లు తలకు కట్టుకునే దీపాలన్నీ ఆయన చేతుల మీదుగా వెళ్లాలి, ఆయన చేతికే తిరిగి రావాలి. ఎవరి నంబరు లాంపు వాళ్లదే. స్తెఫను నంబరు నాలుగొందల పద్దెనిమిది.

“ఆడ ఉన్నది గదా తల్లీ.” ఎల్లన్న దూరం నుంచే చూపించాడు.

నిజంగానే ఉంది. మూడో వరసలో, తన గూట్లో, తెల్లటి అంకెలతో. లింగమూర్తి చేతులు కట్టుకుని నవ్వాడు. “లాంపు వచ్చింది అంటే మనిషి వచ్చిండు. ఇగ నడువుండ్రి.”

కెరోలిన్ ఆ లాంపును వెంటనే ముట్టుకోలేదు. ముందు దాని పక్కనున్న వాటిని చూసింది. నాలుగొందల పదిహేడు తీగ నిండా తడి బొగ్గు మట్టి. నాలుగొందల పందొమ్మిది కూడా అంతే. రాత్రి షిఫ్టులో దిగి పొద్దున ఎక్కిన లాంపులు అవి. మధ్యలోని దాని తీగ మీద మాత్రం ఎండు దుమ్ము. చాలా రోజులు అల్మారాలో పడుకున్న వస్తువు మీద పేరుకునే దుమ్ము.

ఆమె బొటనవేలితో బ్యాటరీ మీది అంకెలను ఒత్తింది. వేలు ఎత్తి లింగమూర్తికి చూపించింది. వేలికి తెల్ల రంగు అంటుకుంది.

“పెయింటు ఇంక ఆరలే సార్.”

పర్సులోంచి రుమాలు తీసి గట్టిగా తుడిచింది. తెలుపు పోయింది. అడుగున లోహం మీద కొట్టిన అసలు అంకెలు బయటపడ్డాయి. అరవై ఒకటి.

“స్పేరు లాంపు,” అంది. “కాకా, చెప్పు.”

ఎల్లన్న గోడకు చేరగిలబడ్డాడు. “నరహరి సారు ఏడున్నరకు వచ్చి నంబరెయ్యమన్నడు తల్లీ. పాత లాంపు ఖరాబైంది, రిపేరుకు పంపుతున్నం అన్నడు. మనిషి సంగతి నాకు చెప్పలే. నా పిల్లల మీద ఒట్టు.”

“లాంపు ఎన్ని గంటలు వెల్గుతది?”

“పదకొండు. బ్యాటరీ మంచిదైతే పన్నెండు.”

“స్తెఫను బావ లాంపు ఎన్నింటికి తీస్కున్నడు?”

“పదకొండుకు పది నిమిషాలు తక్కువున్నప్పుడు.”

అందరి చూపులూ బల్ల మీది గడియారం వైపు తిరిగాయి. పది గంటల నలభై ఏడు నిమిషాలు.

మార్తమ్మ ఏడవలేదు. గుమ్మం పట్టుకుని, ఎవరినీ చూడకుండా అడిగింది. “అయితే ఇప్పుడు చీకట్ల కూసున్నడా?”

ఆ ప్రశ్న ప్రసాద్ తట్టుకోలేకపోయాడు.

“నేనే తుడిచిన అత్తా!” అన్నాడు. కుర్చీలోంచి ఎప్పుడు లేచాడో అతనికే తెలియదు. “ఏడూ నలభైకి నరహరి సార్ ఆఫీసుల నుంచి ఫోన్ చేసిండు. అయిదు నిమిషాలల్ల వచ్చి ఈడనే నిలబడ్డడు. ఉత్త ఫార్మాట్ వద్దు, హార్డ్ డిస్క్ మొత్తం సున్నాలు నింపు, ఏది మల్ల దొరకొద్దు అన్నడు. ఎవలడిగినా వైరస్ అను, రాత్రి షిఫ్టు అందరు బయటికొచ్చిన్రు అను అన్నడు. నేను టెంపరరీ. పర్మనెంటు కాయితం ఆయన బల్ల మీద ఉన్నది. అడగలేకపోయిన. నువ్వు వచ్చేదాంక స్తెఫను మామ సంగతని నాకెర్కలే. నువ్వు వచ్చినంక...”

అక్కడ ఆగిపోయాడు. ఆమె వచ్చాక కూడా ఆపలేదు కదా. సున్నాలు అప్పటికి సగం దాటాయి. బటన్ నొక్కి ఆపితే మిగతా సగమైనా మిగిలేది. కిటికీలోంచి ఆమెకు అబద్ధం చెప్పి, వెనక్కి తిరిగి, ఆ గీత నిండడం చూస్తూ కూర్చున్నాడు.

మార్తమ్మ అతన్ని తిట్టలేదు. చూసింది, అంతే.

కెరోలిన్ లింగమూర్తి వైపు తిరిగింది. “ఏడున్నరకు నరహరి సార్ ఈడ ఎల్లన్న కాక తోటి లాంపు మీద నంబరేపిస్తున్నడు. గప్పుడే బసంత్‌నగర్ల స్తెఫనును చూసిండా? మీరు ఇరవై ఎనిమిదేండ్లు పోలీసుల చేసిన్రు. నేను చెప్పాల్నా?”

లింగమూర్తి మొహంలో రంగు మారింది. కట్టుకున్న చేతులు విప్పాడు. తనను అడ్డం పెట్టుకుని ఆడారని ఆయనకు అర్థమైంది.

“ఎందుకు చేస్తడు?” అన్నాడు.

“మూసేసే ప్యానెల్లకు ఎవల్ని పంపొద్దని ఆర్డరుంది. లోపల పంపు ఉండిపోయింది. తెల్లారగట్ల నరహరి సార్ స్తెఫనును ఒక్కన్నే పంపు ఇప్పుకరమ్మని పంపిండని రాత్రి షిఫ్టోళ్లు పోశం అన్నకు చెప్పిన్రు. మనిషి తిరిగి రాలే. పొగ పెరిగింది. సచ్చిపోయిండనుకున్నడు. చెప్తే నౌకరీ పోతది, జైలు. చెప్పకుండ గోడ కడితే అన్నీ లోపల్నే ఉంటయి.”

“ఇవన్నీ మాటలు మేడం.” లింగమూర్తి గొంతులో ఇంతకు ముందటి ఎగతాళి లేదు. “మేనేజర్ హైదరాబాద్‌ల ఉన్నడు. ఇయ్యాల బాయిల నరహరి మాటనే చెల్లుతది. స్తెఫను లోపల్నే ఉన్నడని కాయితం చేతుల ఉంటే నేను పని ఆపిస్త. లాంపు నంబరు మారిందంటే రిపేరు అంటడు. ఈ పిలగాడు భయపడి చెప్తున్నడు అంటడు. హాజరు ఏది? తుడిచేసిన్రాయె!”

“మిషన్ల ఉంటది సార్,” అన్నాడు ప్రసాద్.

ఇద్దరూ అతని వైపు చూశారు.

“గేటు కాడి కార్డు మిషన్ల. దానికి వేరే మెమరీ ఉన్నది. కంప్యూటర్ దాన్నుంచే తీస్కుంటది. నెల దాంక అండ్లనే పడి ఉంటది. నరహరి సార్ కంప్యూటర్ తుడవమన్నడు. మిషన్ సంగతి ఆయనకు తెల్వదు. నేను చెప్పలే.”

ఎందుకు చెప్పలేదో అతనికే తెలియదు. మరచిపోయాడో, దాచాడో. ఇప్పుడు ఆలోచించే తీరిక లేదు.

“తియ్యి,” అంది కెరోలిన్.

తియ్యడం అంత తేలిక కాలేదు. కొత్త విండోస్‌కు ఆ మిషన్ ఏమిటో తెలియదు. దాని సీడీ అరలో కనిపించలేదు. ఎల్లన్న, మార్తమ్మ కూడా కిందకు వంగి వెతికారు. చివరికి పాత రిజిస్టర్ల మధ్య దొరికింది. పెడితే దాని మీది గీతల వల్ల సగంలో ఆగిపోయింది. ప్రసాద్ దాన్ని చొక్కాకు తుడిచి మళ్లీ పెట్టాడు. పాస్‌వర్డు రెండుసార్లు తప్పు కొట్టాడు.

“నిమ్మలంగ కొట్టు తమ్మీ,” అంది కెరోలిన్. ఆమె వేలు మాత్రం గడియారం పక్కన బల్లను తడుతూనే ఉంది.

పదకొండూ నాలుగుకు వరసలు దిగడం మొదలైంది. తేదీలు, నంబర్లు, గంటలు. ప్రసాద్ నాలుగొందల పద్దెనిమిదిని వెతికి పట్టుకున్నాడు. 11-08-2008, లోపలికి, 22:52. బయటికి అన్న చోట ఖాళీ. రాత్రి షిఫ్టులో దిగిన నూట ముప్ఫై ఆరు మందిలో ఆ ఒక్క గడే ఖాళీ.

ప్రింటర్ కిర్రుమంది. లింగమూర్తి కాగితాన్ని అందులోంచే లాక్కున్నాడు. జేబులోంచి పెన్ను తీసి, సంతకం పెట్టి, కింద టైము వేశాడు. పదకొండూ ఏడు. పాత పోలీసు అలవాటు.

“నా పేరు మీద ఆపిస్తున్న,” అని, బావిలోపలికి మాట్లాడే ఫోను చేతిలోకి తీసుకున్నాడు. తిప్పాడు. మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు. పెట్టేసి మళ్లీ తిప్పాడు.

“నరహరి సార్ ఏడున్నడు కాకా?” అని అడిగింది కెరోలిన్.

“తొమ్మిదిన్నరకే బాయిల దిగిండు తల్లీ. గోడ కాడనే ఉన్నడు.”

మూడోసారి తిప్పబోతుంటే ఫోను దానంతటదే మోగింది. ప్రసాద్‌కు దగ్గరగా ఉంది. అతనే ఎత్తాడు.

“పోశాన్ని మాట్లాడుతున్న.” ఆయాసంతో మాట ముక్కలవుతోంది. “ఆఖరి గోడ అయిపోయింది. పన్నెండు దాంక ఆగలే. నరహరి సార్ నిలబడి పదకొండింటికే కట్టించిండు. నేను వచ్చేసరికి మీద సిమెంటు పూస్తున్నరు.”

ప్రసాద్ ఆ మాటలు అలాగే అప్పజెప్పాడు. మార్తమ్మ నెమ్మదిగా నేల మీద కూలబడింది. కెరోలిన్ ఫోను అందుకుని, అందరికీ వినిపించేలా పట్టుకుంది.

“పోశం అన్నా, గోడల గాలి చూసే పైపు పెట్టిన్రా?”

“పెట్టిన్రక్కా. గోడలకెళ్లి లోపలికి శాన దూరం దాంక ఉన్నది.”

“రాయి తీస్కొని ఆ పైపు మీద మూడుసార్లు కొట్టు. చెవి పెట్టి ఆగు. అందర్ని సప్పుడు చెయ్యొద్దను.”

అటునుంచి ఎవరో కేకలు వేశారు. నరహరి గొంతు. పని ఆపడానికి నువ్వెవడివిరా అంటున్నాడు. లింగమూర్తి ముందుకు వంగి ఫోనులోకే అరిచాడు. “నరహరీ! సెక్యూరిటీ ఆఫీసర్ మాట్లాడుతున్న! హాజరు కాయితం నా చేతుల ఉన్నది! పక్కకు జరుగు!”

కేకలు ఆగాయి. ఇనుము మీద రాయి దెబ్బలు వినిపించాయి. మూడు. తర్వాత ఏమీ లేదు.

“ఏమన్న వినబడుతున్నదా?” అంది కెరోలిన్.

“లేదక్కా.”

“మల్ల కొట్టు.”

మళ్లీ మూడు దెబ్బలు. మళ్లీ నిశ్శబ్దం. బల్ల మీది గడియారంలో సెకన్ల ముల్లు సగం చుట్టు తిరిగింది.

“అక్కా!” పోశం గొంతు ఒక్కసారిగా చిన్నదైపోయింది. “ఒకటి... రెండు... మూడు. కొడ్తున్నడు. లోపల్నుంచి కొడ్తున్నడు!”

మార్తమ్మ గట్టిగా ఒక్క కేక వేసి రెండు చేతులతో నోరు మూసుకుంది. ఎల్లన్న తల పట్టుకుని ఏడ్చేశాడు. లింగమూర్తి “గోడ పగలగొట్టుండ్రి! జల్ది!” అని అరిచాడు.

“ఆగుండ్రి సార్.” పోశం మాటల్లో సంతోషం లేదు. “జర ఇనుండ్రి. పైపులకెళ్లి పొగ వస్తున్నది. గోడ తీస్తే లోపలికి గాలి పోతది. బొగ్గు వేడి మీదున్నది, గాలి తాకితే భగ్గుమంటది. గోడ కాడ పదకొండు మందిమి ఉన్నం. అందరు నా మొకం చూస్తున్నరు. తియ్యాల్నా, వద్దా?”

ప్రసాద్ కెరోలిన్ వైపు చూశాడు. ఆమె నుదుటి మీద చెమట చుక్కలు అప్పుడే గమనించాడు.

“పోశం అన్నా,” అంది ఆమె. “గోడ మీద ఉత్త అరచెయ్యి ఆనించు. ఎంతసేపు ఉంచగల్గుతవో చెప్పు. చెయ్యి నిలిస్తే మంట ఇంక దూరమున్నట్టు, గోడ తియ్యొచ్చు.”

అటు అడుగుల చప్పుడు. ఆగింది. ఎవరో చిన్నగా దగ్గారు.

“ఉంచినవా అన్నా?”

“ఉంచలేకపోయినక్కా.”